పిల్లలు ఆఫీసుకు వెళ్లాక: షికాగో ప్రయాణం కట్టిన అమ్మానాన్నల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం షికాగోలో ఉన్న కొడుకులు, కూతుళ్ల దగ్గరకు మొదటిసారి వెళ్తున్నవారివే. వీసా ఇంటర్వ్యూ గురించి చెప్పేవాళ్లు ఇప్పుడు ఊరికి పదిమంది ఉన్నారు. కానీ పిల్లలు ఆఫీసుకీ మనవలు బడికీ వెళ్లిపోయాక ఇంట్లో మీరిద్దరే మిగిలే ఆ ఎనిమిది తొమ్మిది గంటల సంగతి చెప్పేవాళ్లు తక్కువ. ఆ వేళలో పొయ్యి మీరే వెలిగించుకోగలగాలి, వీధిలోకి వెళ్లి ఇంటికి తిరిగి రాగలగాలి, ఒంట్లో తేడా చేస్తే ఏం చెయ్యాలో తెలిసుండాలి. ఇవి తెలియనివాళ్లే రెండో వారానికల్లా తిరుగు టిక్కెట్టు గురించి అడుగుతుంటారు. అందుకని అలాంటి ప్రశ్నలకే ఎక్కువ చోటు ఇచ్చాం.

ప్రశ్న: మా అమ్మాయికి ఆవకాయ, రొయ్యల పచ్చడి, కోడి పచ్చడి, కాస్త కరివేపాకు, నాలుగు కురిడీ కాయలు పట్టుకెళ్దామనుకుంటున్నామండి. ఏవి పోనిస్తారు?
– గృహిణి, అమలాపురం

జవాబు: ఆవకాయ, మాగాయ, గోంగూర నిక్షేపంగా తీసుకెళ్లండి. రొయ్యల పచ్చడి, రొయ్యపొట్టు, ఎండు చేపలు కూడా ఇంట్లో వాడుకునేంత అయితే అమెరికా కస్టమ్స్ వాళ్లు అభ్యంతరం చెప్పరు. చేపలకీ రొయ్యలకీ ఉన్న నిబంధన వేరు, మాంసానికి ఉన్నది వేరు. కోడి పచ్చడి, మటన్ పచ్చడి మాత్రం మానేయండి. పశువుల, కోళ్ల జబ్బులు దేశంలోకి రాకుండా పెట్టిన నిషేధం కాబట్టి, ఎంత ఎర్రగా వేయించినా ఒప్పుకోరు. గుడ్లూ అంతే.

కరివేపాకు ఒక్క రెబ్బ కూడా వద్దు. నారింజ, నిమ్మ తోటలకు తెగులు మోసుకొచ్చే చిన్న పురుగు కరివేపాకు చెట్టు మీద కూడా బతుకుతుంది. ఆ తెగులుతో ఫ్లోరిడా నారింజ తోటలు బాగా దెబ్బతిన్నాయి. షికాగో ఇండియన్ షాపుల్లో కరివేపాకు దొరుకుతుంది, బెంగ పడకండి. బియ్యం, శనగలు కూడా పెట్టెలో పెట్టకండి. నిల్వ ధాన్యాన్ని తినే ఖాప్రా పురుగు భయంతో మన దేశం నుంచి ప్రయాణికులు తెచ్చే వాటిని ఆపేస్తారు.

కురిడీలను ఆపేది అమెరికా వాళ్లు కాదు, ఇక్కడి విమానాశ్రయంలోనే. ఎండుకొబ్బరిలో నూనె ఎక్కువ, దానంతట అదే వేడెక్కి అంటుకునే సరుకుల జాబితాలో ఉంది. అందుకే చెకిన్ పెట్టెలో కనిపిస్తే తీయించేస్తారు. దుబాయ్ మీదుగా వెళ్లేవాళ్లు గసగసాలు కూడా వదిలేయండి. అమెరికాలో తప్పు లేదు గానీ యూఏఈలో నిషేధం.

పచ్చడి సర్దేటప్పుడు పైన తేలిన నూనె వంచేసి, ప్లాస్టిక్ డబ్బాలో గట్టిగా అదిమి, మూత కింద రెండు వేళ్ల ఖాళీ ఉంచండి. పైకెళ్లాక గాలి ఒత్తిడి మారి డబ్బా లోపలి గాలి ఉబ్బుతుంది. నిండుగా నింపితే మూత సందులోంచి నూనె కక్కేది అందుకే. మూత చుట్టూ టేపు వేసి రెండు జిప్ కవర్లలో పెట్టండి. పచ్చళ్లు చేతిసంచిలో పెట్టకూడదు, ద్రవాల లెక్కలోకి వస్తాయి. కందిపొడి, కారప్పొడి లాంటివి 350 మిల్లీలీటర్ల డబ్బా దాటితే చేతిసంచిలో అదనపు తనిఖీ ఉంటుంది, అవీ పెద్ద పెట్టెలోకే.

అన్నిటికంటే ముఖ్యం, అధికారి "తినే వస్తువులు ఉన్నాయా" అంటే "ఉన్నాయి" అనండి. చెప్పిన వస్తువు పనికిరానిదైతే తీసి పారేసి పంపించేస్తారు. దాచినట్టు తేలితేనే జరిమానా.

ప్రశ్న: వీసా పదేళ్లకిచ్చారు. అంటే ఎన్నాళ్లు ఉండొచ్చండి?
– కిరాణా వ్యాపారి, నరసాపురం

జవాబు: పదేళ్లనేది గుమ్మం దాకా వెళ్లడానికి. ఎన్నాళ్లు ఉండొచ్చో దిగినప్పుడు ఇమిగ్రేషన్ అధికారి నిర్ణయిస్తారు, సాధారణంగా 6 నెలలు. ఆ తేదీ ఐ-94 అనే ఎలక్ట్రానిక్ రికార్డులో ఉంటుంది. దిగిన వారంలోపే అబ్బాయి చేత ప్రభుత్వ వెబ్‌సైటులో తీయించి, పేరు, పాస్‌పోర్టు నంబరు, తేదీ సరిచూసుకుని ప్రింటు దగ్గర పెట్టుకోండి. ఇంకొన్నాళ్లు ఉండాల్సి వస్తే ఆ తేదీకి కనీసం 45 రోజుల ముందు ఐ-539 దరఖాస్తు పెట్టుకోమని అక్కడి ఇమిగ్రేషన్ శాఖే చెబుతుంది. మరో మాట: ఈ వీసా మీద డబ్బుకి ఏ పనీ చెయ్యకూడదు. పక్కింటివాళ్ల పిల్లల్ని చూసిపెట్టి డాలర్లు తీసుకోవడం కూడా అందులోకే వస్తుంది.

ప్రశ్న: మా కోడలి ఇంట్లో తాలింపు వేస్తే అలారం మోగుతుందట. సింకులో ఏదో మర ఉంటుందట. నా చేత్తో ఏం పాడవుతుందోనని ఇప్పటినుంచే భయంగా ఉందండి.
– పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: భయపడాల్సినంత లేదమ్మా, ఒక్కొక్కటీ చూద్దాం. పొగ అలారం ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. పొయ్యి మీద గొట్టంలా కనిపించే ఫ్యాన్ చాలా అపార్టుమెంట్లలో పొగను బయటికి పంపదు, జల్లెడలోంచి లాగి మళ్లీ గదిలోకే వదులుతుంది. కాబట్టి ఫ్యాన్ వేశాం కదా అని ధీమా పడకండి. నూనె కాగకముందే కిటికీ తీయండి, పడకగది తలుపులు మూయండి. ఎండుమిర్చి నూనె పొగలేచాక కాదు, ఆవాలు చిటపటలాడడం మొదలవగానే మంట తగ్గించి వెయ్యండి. అలారం మోగితే పొయ్యి ఆపి, తువ్వాలుతో అలారం కింద విసరండి, ఒకటి రెండు నిమిషాల్లో ఆగిపోతుంది. బ్యాటరీ మాత్రం ఊడదీయకండి. రాత్రి నిజంగా ఏమైనా అంటుకుంటే లేపేది అదొక్కటే.

పొయ్యి కరెంటుదైతే దానికి రెండు గుణాలు. ఆపినా ఐదారు నిమిషాలు వేడి పోదు, కాబట్టి పులుసు దగ్గరపడుతుండగానే ఆపేయాలి. గుండ్రటి అడుగున్న మూకుడు దాని మీద ఆనదు, చదును అడుగు గిన్నె కావాలి. ఓవెన్ వెలిగించే ముందు తలుపు తీసి లోపల చూడండి. చాలామంది పెనాలు, ప్లాస్టిక్ డబ్బాలు అందులోనే దాస్తారు.

ఇక సింకులో మర. దాన్ని డిస్పోజర్ అంటారు. సింకు కింద గొట్టానికి బిగించిన చిన్న మోటారు అది, మిగిలిన మెతుకూ కూరా నలిపి నీళ్లతో పంపేస్తుంది. వరస ఇది: ముందు చన్నీళ్లు విప్పాలి, తర్వాత స్విచ్ వెయ్యాలి, అప్పుడు కొంచెం కొంచెంగా తోయాలి, చప్పుడు తేలికపడ్డాక స్విచ్ ఆపాలి, నీళ్లు మరో పావు నిమిషం పోనివ్వాలి. మన వంటింటి చెత్తలో దానికి పడనివి చాలా ఉన్నాయి. ములక్కాడ పిప్పి, కొబ్బరి పీచు, గోంగూర కాడలు, చింతపండు పిప్పి ఇవన్నీ నారలు. మరకు చుట్టుకుని బిగిసిపోతాయి. అన్నం ఎక్కువగా తోస్తే గొట్టం వంపులో ఉబ్బి కూర్చుంటుంది. వేడి నూనె పోస్తే లోపల చల్లారి పేరుకుంటుంది. వాడిన నూనె చల్లారనిచ్చి ఏదైనా డబ్బాలో పోసి చెత్తలో వెయ్యాలి.

స్విచ్ వేస్తే "గుయ్" మని మూలిగి తిరగకపోతే వెంటనే ఆపండి. లోపల చెయ్యి పెట్టొద్దు. సింకు కింద మోటారు అడుగున మధ్యలో ఆరు పలకల చిన్న కన్నం ఉంటుంది. పావు అంగుళం అలెన్ కీ (ఆ కన్నంలో పట్టే ఆరు పలకల వంకర కడ్డీ) దూర్చి అటూ ఇటూ తిప్పితే బిగిసింది వదులుతుంది. అక్కడే ఉన్న ఎర్ర బొత్తాం నొక్కి, నీళ్లు విప్పి మళ్లీ స్విచ్ వెయ్యండి. చాలాసార్లు ప్లంబర్ అక్కర్లేకుండా సరిపోతుంది.

ఇక్కడి మిక్సీ పట్టుకెళ్లకండి. మనది 230 వోల్టులు, అక్కడ 120. ప్లగ్గు మార్చినంత మాత్రాన తిరగదు, వోల్టేజి పెంచే బరువైన ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. గ్రైండరుకైతే అదీ చాలదు, అక్కడ కరెంటు 60 హెర్ట్‌జ్ కాబట్టి మన గ్రైండరు మోటారు ఉండాల్సినదానికంటే వేగంగా తిరిగి పిండి వేడెక్కుతుంది. అక్కడి కరెంటుకి సరిపడే మిక్సీలు, గ్రైండర్లు అక్కడే అమ్ముతారు. ఫోన్ ఛార్జర్లకు ప్లగ్గు అడాప్టరు ఒక్కటి చాలు.

మీరు అడగలేదు గానీ స్నానాలగది సంగతి కూడా చెప్పాలి. అక్కడ నేల మీద తూము ఉండదు. టబ్బులో నిలబడి, ప్లాస్టిక్ తెర అంచు టబ్బు లోపలికి వేసుకుని పోసుకోవాలి. తెర బయట వేలాడితే నీళ్లు నేల కిందికి ఇంకి కింది వాటా సీలింగు తడుస్తుంది, ఆ ఖర్చు మీ అబ్బాయి మీద పడుతుంది. టాయిలెట్ పక్కన చేతి స్ప్రే బిగించి ఉంటే, వాడాక గోడ దగ్గర కుళాయి కూడా కట్టెయ్యండి. స్ప్రే మీట ఒక్కటే వదిలేసి ఊరుకుంటే పైపులో ఒత్తిడి నిలిచి ఎప్పుడో ఒకప్పుడు పగులుతుంది.

ప్రశ్న: అబ్బాయి ఇల్లు షికాగో ఊళ్లోనే. డెవాన్ అవెన్యూలో మనవాళ్ల దుకాణాలున్నాయట. ఎవర్నీ అడగకుండా నేనే వెళ్లి రాగలనా? ఇంగ్లీషు చదవగలను, వాళ్ల ఉచ్చారణ అర్థం కాదు.
– విశ్రాంత ఉపాధ్యాయుడు, రాజోలు

జవాబు: తప్పకుండా వెళ్లగలరు మాష్టారూ. చదవడం వస్తే షికాగోలో దారి తప్పడం కష్టం, ఎందుకంటే ఆ ఊరి చిరునామాలు లెక్కల ప్రకారం ఉంటాయి. స్టేట్ స్ట్రీటు, మాడిసన్ స్ట్రీటు కలిసేచోట సున్నా. అక్కడినుంచి దక్షిణాన మొదటి మూడు మైళ్లు తప్ప ఏ దిక్కుకి వెళ్లినా మైలుకి 800 అంకెలు పెరుగుతాయి, మైలుకి ఎనిమిది బ్లాకులు. డెవాన్ అవెన్యూ 6400 నార్త్, అంటే సున్నాకి ఉత్తరంగా 8 మైళ్లు. దాన్ని అడ్డంగా కోసే వెస్టర్న్ అవెన్యూ 2400 వెస్ట్, అంటే పడమరగా 3 మైళ్లు. మనవాళ్ల దుకాణాలు ఎక్కువగా ఈ వెస్టర్న్ చుట్టుపక్కల నుంచి పడమరవైపు ఉంటాయి. రోడ్డుకి ఉత్తరం వైపు, పడమర వైపు ఇళ్లకు సరి సంఖ్యలు. దక్షిణం, తూర్పు వైపు బేసి సంఖ్యలు. కాబట్టి రోడ్డు మీద నిలబడి ఏ రెండు ఇంటి నంబర్లు చూసినా మీరు ఎటు నడుస్తున్నారో తెలిసిపోతుంది.

డెవాన్ మీద "గాంధీ మార్గ్" అని గోధుమరంగు బోర్డు కనిపిస్తుంది. అది గౌరవార్థం పెట్టిన పేరు, చిరునామాలో వాడరు. మీరు చదవాల్సింది ఆకుపచ్చ బోర్డు.

బస్సు 155వ నంబరు, డెవాన్ పొడుగునా వెళ్తుంది. తూర్పు కొసన రెడ్ లైన్ రైలు లొయోలా స్టేషన్ దగ్గర అందుకోవచ్చు. బస్సు, రైలు ఛార్జీలకు వాడే వెంట్రా కార్డు ఇద్దరికీ చెరొకటి తీసుకోండి. ఎక్కగానే డ్రైవరు పక్కనున్న మీటరుకి తాకించాలి. రెండు గంటల్లోపు ఇంకో బస్సు మారితే అదే కార్డు తాకించండి, మళ్లీ పూర్తి ఛార్జీ పడదు. నోట్లు ఇస్తే చిల్లర తిరిగి రాదు, ఈ మారే సౌకర్యమూ ఉండదు. కండక్టరు ఉండడు, "ఆపండి" అని కేకెయ్యడమూ ఉండదు. మీ స్టాపు వచ్చే ముందు కిటికీ పక్కనున్న తాడు లాగాలి లేదా బొత్తాం నొక్కాలి. వెనక తలుపు దానంతట తెరుచుకోదు, పైన పచ్చ దీపం వెలిగాక చేత్తో తోయాలి. మోకాళ్ల నొప్పులుంటే డ్రైవరుకి చేత్తో కిందికి చూపించండి, బస్సు ముందు భాగం కిందికి వంచుతారు.

రోడ్డు దాటడమే జాగ్రత్తగా నేర్చుకోవాల్సింది. అక్కడ బళ్లు కుడివైపున నడుస్తాయి కాబట్టి గట్టు దిగేముందు మొదట ఎడమకి చూడాలి. మన మెడ అలవాటుగా కుడికి తిరుగుతుంది, ప్రమాదం అక్కడే. తెల్ల మనిషి బొమ్మ వెలిగాకే అడుగెయ్యండి. ఎర్ర చెయ్యి ఆరుతూ వెలుగుతూ అంకెలు తగ్గుతుంటే కొత్తగా దిగొద్దు. మీకు నడిచే దీపం ఉన్నా, ఎర్ర దీపం దగ్గర ఆగిన కారు కుడికి తిరగడానికి చాలాచోట్ల అనుమతి ఉంది. డ్రైవరు మిమ్మల్ని చూశాడని రూఢి చేసుకుని కదలండి.

పిల్లలు నేపర్‌విల్, షామ్‌బర్గ్ లాంటి శివార్లలో ఉంటే ఈ సుఖం ఉండదు, చాలా పేటల్లో బస్సులు అరుదు. అక్కడికి వెళ్లేవాళ్లు ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో లైబ్రరీ, పార్కు ఎక్కడున్నాయో ముందే కనుక్కోండి. లైబ్రరీలో కూర్చుని చదువుకోడానికి కార్డు అక్కర్లేదు, డబ్బూ అక్కర్లేదు.

ప్రశ్న: రొయ్య పండించే మాకు అక్కడ రొయ్య కొనడం రాదంటే నవ్వుతారు. కానీ 26/30 అని రాస్తారట, ఆ కౌంటు మన కౌంటుకి ఎలా సరిపోతుంది? మా కోడలు వండితే రబ్బరులా వస్తోందంటుంది.
– రొయ్యల రైతు, భీమవరం

జవాబు: అక్కడ కౌంటు, అంటే ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క, కిలోకి కాదు, పౌనుకి, అంటే 454 గ్రాములకి. పైగా తల తీసిన రొయ్యకి. 26/30 అంటే కిలోకి తోకలు 57 నుంచి 66. తల తీస్తే మిగిలేది మూడింట రెండు వంతులు కాబట్టి, చెరువు గట్టున తలతో తూచే లెక్కలో అది దాదాపు 40 కౌంటు. 16/20 అయితే సుమారు 26 కౌంటు. ఇగురుకి 26/30 గానీ 31/40 గానీ సరిపోతుంది, పెద్దది కొని డబ్బు పోసుకోనక్కర్లేదు. సంచి మీద ఏ దేశపు సరుకో రాయడం అక్కడ చట్టం. ఇండియా అని కనిపిస్తే అది మన తీరం వనామి కావచ్చు.

రబ్బరుతనానికి కారణం రెండు. చాలా సంచుల్లో రొయ్యని ఫాస్ఫేటు నీళ్లలో నానబెట్టి గడ్డకట్టిస్తారు, బరువు నిలవడానికి. అది మూకుట్లో పడగానే నీళ్లు వదులుతుంది. ఆ నీరు ఇగిరేదాకా ఉడికిస్తే కండ బిగుసుకుపోతుంది. సంచి వెనక పదార్థాల వరస చదివి, రొయ్య, ఉప్పు తప్ప మరేమీ లేనిది ఎంచుకోమనండి. రెండోది, కౌంటరు మీద ఐసులో పరిచి తాజాగా కనిపించేది కూడా చాలావరకు గడ్డకట్టించి కరిగించినదే. అది తెచ్చి మళ్లీ ఫ్రీజరులో పెడితే మెత్తదనం పోతుంది. గడ్డకట్టిన సంచి కొని, రాత్రి ఫ్రిజ్ కింది అరలో కరగనివ్వడం మేలు. తొందరైతే సంచితోనే చన్నీళ్లలో అరగంట ఉంచాలి. పసుపు, ఉప్పు వేసి పెద్ద మంట మీద రెండు నిమిషాలు తిప్పి, వదిలిన నీళ్లు వేరుగా తీసిపెట్టుకోండి. ఉల్లి మసాలా మగ్గాక ఆ నీళ్లు పోసి దగ్గరపడనిచ్చి, చివరగా రొయ్య వేసి మూడు నాలుగు నిమిషాల్లో దించెయ్యాలి.

శీలావతి, పొలస (బంగ్లాదేశీయులు ఇలీష్ అనేది) డెవాన్ మీద బంగ్లాదేశీ దుకాణాల్లో గడ్డకట్టినవి దొరుకుతాయి. ఆ ఇలీష్ మన పులస జాతిదే. అయినా వరద గోదారికి ఎదురీదిన చేప రుచి దానికి రాదు, ఆ ఆశ పెట్టుకోకండి.

ప్రశ్న: ఇద్దరికీ బీపీ, షుగర్. మందులు, ఇన్సూరెన్స్ సంగతి చెప్పండి.
– దంపతులు, తణుకు

జవాబు: మందులు అసలు స్ట్రిప్పుల్లోనే, డాక్టరు చీటీతో తీసుకెళ్లండి. చీటీలో కంపెనీ పేరు కాక మందు అసలు పేరు, మోతాదు ఇంగ్లీషులో స్పష్టంగా రాయించుకోండి. అక్కడ కొన్ని పేర్లు వేరు: పారాసిటమాల్‌ని అసిటమినోఫెన్ అంటారు, సాల్‌బుటమాల్‌ని ఆల్‌బ్యుటరాల్ అంటారు. యాంటీబయాటిక్ డాక్టరు చీటీ లేకుండా ఇవ్వరు. ఇన్సులిన్ చేతిసంచిలోనే పెట్టుకోవాలి, సామాను అరలో గడ్డకడితే పనికిరాదు. పడమరకు వెళ్లడంవల్ల ఆ రోజు చాలా పొడుగవుతుంది, ఆ రోజు మోతాదులు ఎలా వేసుకోవాలో బయల్దేరేముందు మీ డాక్టరునే అడగాలి.

ఇన్సూరెన్స్ ఇక్కడుండగానే తీసుకోండి. తక్కువ ప్రీమియం పాలసీల్లో ఒక్కో చికిత్సకి ఇంత అని గీత గీసి ఉంటుంది, ఆసుపత్రి బిల్లు దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. బిల్లులో వాటా ఇచ్చే కాంప్రిహెన్సివ్ రకం ఖరీదైనా నయం. ముందునుంచీ ఉన్న జబ్బుకి మామూలు చెకప్పులు, మాత్రలు ఏ పాలసీలోనూ సాధారణంగా రావు. ఆ జబ్బు హఠాత్తుగా ముదిరితే ఎంతవరకు ఇస్తారో, మీ వయసుకి ఆ పరిమితి ఎంతో చదివి సంతకం పెట్టండి.

జ్వరం, మూత్రంలో మంట, చిన్న గాయం అయితే అర్జెంట్ కేర్ అనే క్లినిక్‌కి వెళ్లాలి, ఎమర్జెన్సీతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ. ఛాతీలో నొప్పి, మాట తడబడడం, మూతి వంకర, ఊపిరాడకపోవడం అయితే ఖర్చు ఆలోచించకుండా అక్కడి అత్యవసర నంబరు 911కి ఫోన్ చెయ్యాలి. మొదట చిరునామా చెప్పండి, తర్వాత "తెలుగు" అనండి, ఫోన్‌లోనే దుబాసీని కలిపే ఏర్పాటు ఉంటుంది. ఇంటి చిరునామా, అపార్టుమెంటు నంబరు పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించండి. డబ్బు కట్టలేరని ఎమర్జెన్సీలో పరీక్ష చేయకుండా, ప్రాణాపాయం తప్పించకుండా పంపకూడదన్నది అక్కడ 1986 నుంచి ఉన్న చట్టం. బిల్లు వచ్చాక వెంటనే కట్టెయ్యకుండా, వివరాలతో కూడిన బిల్లు, తగ్గింపు కోరే ఫైనాన్షియల్ అసిస్టెన్స్ ఫారం అడగమని పిల్లలకు చెప్పండి.

ప్రశ్న: అక్కడికెళ్లాక బ్యాంకు ఓటీపీలు రావటం లేదని అందరూ అంటున్నారు.
– పాఠకుడు, మండపేట

జవాబు: బయల్దేరేముందే మీ సిమ్‌లో ఇంటర్నేషనల్ రోమింగ్ తెరిపించి, తిరిగొచ్చేదాకా రీఛార్జి గడువు ఉండేలా చూసుకోండి. అక్కడ ఇండియా సిమ్‌కి డేటా రోమింగ్ ఆపేయండి, లేకపోతే బ్యాలెన్సు గంటల్లో కరిగిపోతుంది. రెండు సిమ్‌ల ఫోన్ అయితే అమెరికా నంబరు రెండోదాంట్లో వేసుకోవచ్చు.

ప్రశ్న: ఏకాదశులు, మా నాన్నగారి తద్దినం అక్కడ మన కేలండరు ప్రకారం చేస్తే సరేనా?
– పాఠకుడు, ద్రాక్షారామం

జవాబు: కాదండి, చాలాసార్లు ఒకరోజు ముందుకి వస్తుంది. తిథి ముగిసే క్షణం లోకమంతటికీ ఒక్కటే, సూర్యోదయం ఊరూరికీ వేరు. మన పంచాంగంలోని గడియకి షికాగోలో మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా పదిన్నర గంటలు, మిగతా కాలంలో పదకొండున్నర గంటలు తగ్గించాలి. ఉదాహరణకి జూన్‌లో ఏకాదశి సోమవారం ఉదయం 8కి మొదలై మంగళవారం ఉదయం 7 దాకా ఉందనుకోండి. సూర్యోదయానికి ఉన్న తిథి లెక్కన మనకి మంగళవారం ఏకాదశి. షికాగోలో అదే తిథి ఆదివారం రాత్రి 9:30కి వచ్చి సోమవారం రాత్రి 8:30కి వెళ్లిపోతుంది. కాబట్టి అక్కడ సోమవారమే ఉపవాసం. తద్దినానికి సూర్యోదయం కాక అపరాహ్ణ వేళకి తిథి ఉందో లేదో చూస్తారు గనుక, గడియలు మార్చి రాసుకుని మీ పురోహితుడికి ఇక్కడే ఒకసారి చూపించి వెళ్లండి. షికాగో శివార్లలో అరోరా బాలాజీ ఆలయం, లెమాంట్‌లోని రామాలయం ఉన్నాయి, అక్కడి పురోహితులూ చెబుతారు.

ప్రశ్న: డిసెంబరులో వెళ్తున్నాం. చలికి ఏం కొనుక్కోవాలి?
– పాఠకురాలు, రావులపాలెం

జవాబు: ఇక్కడ పెద్ద కోటు కొనకండి, మన బజారులో దొరికేది ఆ చలికి ఆగదు. షికాగోలో 1985 జనవరి 20న మైనస్ 33 డిగ్రీలు నమోదైంది. ప్రతి ఏడూ అంత ఉండదు గానీ మైనస్ 15 దాకా మామూలే. ఒంటికి అతుక్కునే థర్మల్ లోదుస్తులు, దాని మీద ఉన్ని, ఆ పైన గాలి చొరని కోటు, ఇలా మూడు పొరలు. కోటు, అడుగున గాడులున్న బూట్లు అక్కడే తీసుకోండి. చీర కుచ్చిళ్లు మంచులో తడిసి బిగుసుకుంటాయి కాబట్టి బయటికి వెళ్లేటప్పుడు ప్యాంటు నయం. కరిగిన మంచు రాత్రికి గాజుపలకలా గడ్డకట్టి నల్లటి రోడ్డులో కలిసిపోయి కనిపించదు. చిన్న అడుగులు వేస్తూ, చేతులు జేబుల్లో పెట్టుకోకుండా నడవండి. హీటరువల్ల ఇంట్లో గాలి పొడిబారి ముక్కులోంచి రక్తపు చారలు, పాదాల పగుళ్లు వస్తాయి. గాలికి తేమ పట్టించే హ్యుమిడిఫైయర్ పెట్టించుకోండి, రాత్రి కొబ్బరినూనె రాసుకుని మేజోళ్లు వేసుకోండి. నూనె సీసాలో గడ్డకట్టినా చెడిపోలేదు, వేడి నీళ్ల గిన్నెలో కాసేపు పెడితే కరుగుతుంది. ఎంత చలేసినా ఇల్లు వెచ్చబడడానికి గ్యాసు పొయ్యి గానీ ఓవెన్ గానీ వెలిగించి ఉంచొద్దు. వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి పడకగది దగ్గర వేరే అలారం ఉంటుంది. అది మోగితే కిటికీలు తీస్తూ కూర్చోకుండా ముందు ఇంట్లోంచి బయటికి వచ్చి, తర్వాత 911కి చెయ్యాలి.